నేను పెట్టిన 14 సెకన్ల వీడియో వల్ల ఒక వాచ్‌మన్ పని పోయింది. ఇప్పుడేం చేయాలి?

రాసింది: ఒంగోలు లెక్కలు

ముందే చెబుతున్నా, తప్పు నాదే. తిట్టేవాళ్లు తిట్టండి. తిట్టాక ఏం చేయాలో కూడా ఒక ముక్క చెప్పండి.

మాది ఒంగోలు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్లో లెక్కలు రాస్తాను. ఏడేళ్లుగా రోజూ కర్నూలు రోడ్డు మీద కారులో పోయి రావడమే. ఆ రోడ్డు తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ముందు బ్లాకు లారీ, వెనక టిప్పరు, మధ్యలో స్కూలు బస్సు, షేర్ ఆటో. వీటన్నిటికీ పక్కన, అంచు పట్టుకుని సైకిళ్లు. రాతి పొడి పడీ పడీ రోడ్డు పక్క చెట్ల ఆకులు కూడా బూడిద రంగులో ఉంటాయి.

పోయిన 20వ తేదీ పొద్దున ఏడు దాటింది. సంతనూతలపాడు దాటాక నా ముందు ఒక పెద్దాయన సైకిల్ మీద పోతున్నాడు. ఖాకీ ప్యాంటు, తలకు తువ్వాలు, హ్యాండిల్‌కి గుడ్డ సంచి, వెనక స్టాండుకి క్యారేజీ కట్టి ఉంది. 20వ తేదీ అంటే లెక్కలు రాసేవాళ్లకి తెలుసు, జీఎస్టీ 3బి రిటర్ను వేయడానికి ఆఖరి రోజు. నా తల అప్పటికే వేడెక్కి ఉంది. హారన్ కొట్టాను, తప్పుకోలేదు. మళ్లీ కొట్టాను. తప్పుకోకపోగా ఉన్నట్టుండి రోడ్డు మధ్యలోకి వచ్చేశాడు. బ్రేకు తొక్కాను. పక్క సీట్లో ఉన్న టిఫిన్ డబ్బా కింద పడి సాంబారంతా మ్యాటు మీద పోయింది. నా కోపంలో సగం ఆ సాంబారుదే అనుకుంటా.

చీమకుర్తిలో టీ కొట్టు ముందు కారు ఆపి, టీ చెప్పి, కారు కెమెరాలోంచి వీడియో ఫోన్లోకి దింపాను. ఆయన మధ్యలోకి వచ్చిన 14 సెకన్లు కత్తిరించి మన ఏరియా ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టాను, వాట్సాప్ స్టేటస్‌లో కూడా. పైన ఇలా రాశాను: "తాతకి పొద్దున్నే చుక్క పడింది. రోడ్డు ఈయన మామగారు రాసిచ్చినట్టుంది. గుద్దితే కేసు మాత్రం మన మీద." పక్కన మూడు నవ్వు బొమ్మలు. టీ చల్లారే లోపు అయిపోయిన పని.

సాయంత్రానికి వందల్లో షేర్లు. సైకిలోళ్ల మీద అందరికీ ఎంత కోపం ఉందో అప్పుడే తెలిసింది. "గుద్దేయాల్సింది బ్రో" అని ఒకతను రాస్తే దానికి నేను నవ్వు బొమ్మ కొట్టాను. ఇది చెప్పకపోయినా మీకు తెలియదు, కానీ చెబుతున్నా.

నాలుగు రోజుల తర్వాత మా లోడింగ్ మేస్త్రి వచ్చి, "సార్, మీ వీడియోలో తాత ఫలానా యూనిట్లో నైట్ వాచ్‌మన్. మొన్న తీసేశారంట" అన్నాడు. ఆ వీడియో తిరిగి తిరిగి ఆ యూనిట్ ఓనరు వాళ్ల ఇంటి గ్రూపులోకి పోయింది. "ఈయన మన గేటు దగ్గర ఉండే ఆయన కదా" అని ఎవరో అడిగారట. యూనిట్లో డైమండ్ బ్లేడ్లు, రాగి కేబుళ్లు ఉంటాయి. డ్యూటీ దిగి వచ్చేటప్పుడే తాగి ఉన్నాడంటే రాత్రంతా ఏం కాపలా కాసినట్టు? ఓనరుకి ఆ అనుమానం చాలు.

మేస్త్రి ఇంకో మాట చెప్పాడు. ఆయన అంతకుముందు ఇరవై ఏళ్లు కటింగ్ మిషన్ మీద పనిచేశాడు. కుడి చెవి పూర్తిగా పోయింది. నా హారన్ వచ్చింది ఆ చెవి వైపు నుంచే.

ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక మొత్తం వీడియో చూశాను. మూడు నిమిషాల ముక్క. నేను కత్తిరించి పారేసిన భాగంలో ఉంది అసలు సంగతి. ముందు ఒక టిప్పరు నన్ను దాటి, ఆయన్ని కూడా రాసుకున్నట్టు దాటిపోయింది. ఆయన ఇంకా అంచుకి జరిగాడు. అక్కడ మార్జిన్‌లో గ్రావెల్ కొట్టుకుపోయి తారు అంచు జానెడు ఎత్తున నిలబడి ఉంది. ముందు చక్రం ఆ అంచు మీద ఊగింది. పడిపోకుండా హ్యాండిల్ కుడికి గుంజాడు, అలా మధ్యలోకి వచ్చాడు. ఆ కుదుపుకి సంచిలోంచి ఏదో నల్లగా జారి కింద పడింది, ఆయన చూసుకోలేదు. తర్వాత ఒక కాలు కింద పెట్టి ఆగి, వెనక్కి తిరిగి నా కారు వైపు చూసి, చెయ్యి నుదుటి దాకా ఎత్తాడు. గేటు దగ్గర ఓనరు కారు వస్తే వాచ్‌మన్లు పెట్టే సలాం ఉంటుంది చూడండి, అది. అద్దం వెనక నేను అప్పుడు బూతులు తిడుతున్నాను. నా గొంతు కూడా రికార్డయింది.

పోస్టు తీసేశాను. కానీ ఇంకా తిరుగుతోంది, ఎవడో పాట కూడా కలిపాడు. నా ప్రశ్నలు ఇవి. ఆయన దగ్గరికి పోవాలా, పోతే ఇంకా చెడుతుందా? గ్రూపులో క్షమాపణ పెట్టాలా? ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద కేసు పడుతుందని మా బావమరిది భయపెడుతున్నాడు, నిజమేనా?

—

జవాబు: రాయల్ రైడర్

తీసేశారు కదా, వదిలేయండి. రేపటికి ఇంకో వీడియో వస్తుంది, ఇది జనం మర్చిపోతారు.

ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. సైకిలోళ్లకి లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు, రోడ్డు ట్యాక్సు లేదు, చీకట్లో లైటు కూడా ఉండదు. పోయిన ఏడాది పేర్నమిట్ట దగ్గర రాత్రి ఒకాయన గడ్డి మోపు కట్టుకుని రాంగ్ సైడులో వచ్చాడు. తప్పించబోయి నేను పడ్డాను, మోకాలు ఇంకా నొప్పే. ఆయన దిగి చూసి, మోపు సర్దుకుని వెళ్లిపోయాడు. మీరు రాసిన మాట తప్పు. సమస్య మాత్రం ఉంది.

—

జవాబు: పది టైర్ల బండి

రైడర్ తమ్ముడూ, నీ మోకాలికి నా సానుభూతి. గడ్డి మోపుకి లైటు ఎక్కడ కట్టుకుంటాడో కూడా చెప్పు.

నేను తొమ్మిదేళ్లు రామతీర్థం క్వారీల నుంచి ఆ రోడ్డు మీద బండి తోలాను. ఇప్పుడు కృష్ణపట్నం లైను. క్యాబిన్‌లోంచి ఎట్టా ఉంటదో చెప్తా, వినండి. ఎడమ డోరుకి ఆనుకుని సైకిల్ ఉంటే నాకు కనపడదు, అద్దంలో కూడా దొరకదు. ఒకప్పుడు క్లీనరు ఉండేవాడు, తల బయట పెట్టి "సైకిల్, సైకిల్" అని అరిచి డోరు మీద చరిచేవాడు. ఇప్పుడు చాలా బండ్లకి క్లీనరు లేడు, జీతం మిగులుతుందని.

ఇంక వెనక ఉండేది రాయి. నల్లరాయి ఒక ఘనపు మీటరు మూడు టన్నులకి దగ్గరగా తూగుతుంది. కింద చెక్కలు కొట్టి గొలుసు బిగిస్తాం. గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది, రాయి ఆగాలని లేదు. అది ముందుకి వస్తే మొదట దొరికేది మా వీపే. అందుకని సైకిల్ కనపడితే స్పీడు తగ్గించం. హారన్ మీద చెయ్యి పెట్టి కుడికి కోసుకుని పోతాం. పైగా ట్రిప్పుకింత అని లెక్క. ఇది సమర్థించుకోవడం కాదు, జరిగేది చెప్తున్నా.

సార్, మీరు ఒకటి గమనించినట్టు లేరు. పెద్ద బండి పక్కనుంచి పోయేటప్పుడు దాని గాలి ముందు సైకిల్ని బయటికి తోస్తుంది, బండి దాటిపోగానే లోపలికి గుంజుతుంది. బయటికి తోసినప్పుడు ఆయన చక్రం మార్జిన్ అంచుకి పోయింది. గుంజినప్పుడు ఆయన కూడా అదే వైపు హ్యాండిల్ తిప్పాడు. రెండూ కలిసి మధ్యలోకి తెచ్చినయి. తాగినోడైతే టిప్పరు రాకముందు నుంచే ఊగుతా ఉండాలి. మూడు నిమిషాల వీడియోలో ముందు భాగం చూడండి, ఆయన గీత గీసినట్టు పోతా ఉంటాడు, పందెం. అది ఓనరుకి చూపించండి.

—

జవాబు: ఒంగోలు లెక్కలు

మీరు చెప్పాక మళ్లీ చూశాను. టిప్పరు రాకముందు దాదాపు నిమిషంన్నర ఆయన అంచున ఉన్న తెల్ల గీత మీదే పోతున్నాడు. ఒక్కసారి కూడా దిగలేదు.

—

జవాబు: నల్లకోటు

ఒంగోలు కోర్టుల్లో పనిచేస్తాను. ముందు ఒక పని చేసి రండి, తర్వాత చదవండి: కారు కెమెరాలోంచి మెమరీ కార్డు బయటికి తీయండి. ఆ కెమెరాలు కార్డు నిండగానే పాత రికార్డింగుల మీద కొత్తవి ఎక్కించుకుంటూ పోతాయి. ఫోన్లోకి దింపింది ఉన్నా, అసలు కార్డు ఉండటం వేరు. ఆయన తాగలేదని చూపించగల సాక్ష్యం ఊళ్లో అదొక్కటే. ఇన్ని రోజులు అది చెరిగిపోకుండా ఉంటే మీ అదృష్టం, ఆయన అదృష్టం కూడా.

66ఏ సంగతి. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. మీ బావమరిది పదేళ్లు వెనకబడ్డారు. మీకు వర్తించేది పరువు నష్టం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్, పాత ఐపీసీలో 499, 500. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టంలో సమాజ సేవ చేయించే శిక్ష కూడా చేర్చారు. పేరు రాయలేదు కదా అనొద్దు. మనిషిని గుర్తుపట్టగలిగితే చాలు, గుర్తుపట్టారు కూడా.

అయితే ఇది పోలీసులు తమంతట తాము పట్టుకునే నేరం కాదు. నష్టపోయిన మనిషే మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేసుకోవాలి. పని పోయిన పెద్దాయన వకీలుని పెట్టుకుని వాయిదాలకి తిరగడం ఎంత వరకు జరుగుతుందో మీరే ఊహించుకోండి. కాబట్టి కేసు భయం మీకు పెద్దగా లేదు. ఈ మాట చదివి మీరు ఊపిరి పీల్చుకుంటే మాత్రం నాకు నచ్చదు.

చేయాల్సింది ఇది. ఆ యూనిట్ ఓనరుకి కాగితం మీద రాసి, సంతకం పెట్టి, చేతికివ్వండి. అందులో "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" లాంటి మాటలు వద్దు. "ఆయన తాగాడని నేను రాశాను. నేను వాసన చూడలేదు, మాట్లాడలేదు, కారు కూడా దిగలేదు. ఊహించి రాశాను. పూర్తి వీడియోలో ఆయన తప్పు లేదు" అని రాయండి. ఈ నాలుగు వాక్యాలు ఆయనకి పనికొస్తాయి, మీ బాధ గురించి నాలుగు పేజీలు పనికిరావు. ఆ కాగితం జిరాక్సు ఒకటి పెద్దాయనకి కూడా ఇవ్వండి. రేపు ఇంకో యూనిట్లో అడిగితే చూపించుకుంటాడు.

గ్రూపులో క్షమాపణ పెట్టండి, కానీ ఆయన ముఖం, సైకిలు మళ్లీ చూపించొద్దు. రాత చాలు. పూర్తి వీడియో పెట్టి "చూడండి, ఆయన మంచివాడు" అనాలని మీకు అనిపిస్తుంది. పెట్టొద్దు. ఆయన్ని అడగకుండా ఒకసారి పెట్టారు, చాలు. ఎక్కడెక్కడ కాపీలు కనపడితే అక్కడ రిపోర్టు కొట్టండి, అడ్మిన్‌కి విడిగా మెసేజ్ పెట్టండి. వాట్సాప్‌లో మీరు పంపినవి మాత్రం, రెండు రోజుల పైచిలుకు దాటితే అందరికీ చెరిపే వీలు పోతుంది. స్టేటస్ 24 గంటల్లో దానంతట అదే పోతుందని ధీమాగా ఉంటారు చాలామంది. ఈలోపు ఎవరు దాచుకున్నారో మనకేం తెలుస్తుంది.

రైడర్ గారికి: సైకిలుకి లైసెన్సు అక్కర్లేదని మోటారు వాహనాల చట్టమే అంటోంది, అది మోటారు బండి కాదు కాబట్టి. ఇన్సూరెన్సు మీ చేత కట్టించేది కూడా ఎదుటివాడి కోసమే. సైకిలాయనకి దెబ్బ తగిలితే మీ థర్డ్ పార్టీ పాలసీలోంచే పరిహారం వస్తుంది. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే చనిపోయినవాళ్ల కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. మా దగ్గరికి వచ్చే సైకిలు కేసుల్లో చాలామందికి ఇది ఉందనే తెలియదు.

—

జవాబు: లీడ్స్‌లో కందుకూరోడు

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఆఫీసుకి సైకిల్ మీదే పోతాను. ఇక్కడ కూడా కార్లోళ్లకీ సైకిలోళ్లకీ పడదు. "రోడ్డు ట్యాక్సు కట్టవు కదా" అని కిటికీ దించి అరుస్తారు, అచ్చం మన రైడర్ గారి మాటే. నవ్వొచ్చే విషయం ఏమిటంటే, ఇక్కడ ఆ పన్నుకీ రోడ్ల ఖర్చుకీ ఉన్న ముడిని 1937లోనే తెంచేశారు. రోడ్లు అందరి పన్నుల్లోంచే వేస్తారు. మన దగ్గర మాత్రం ఆ పెద్దాయన సబ్బు కొన్నా బ్యాటరీ కొన్నా పన్ను కట్టట్లేదా? లెక్కలు రాసే మీకు నేను చెప్పాలా.

2022 జనవరిలో ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం మార్చారు. గంటకి 30 మైళ్ల లోపు, అంటే దాదాపు 48 కిలోమీటర్ల లోపు వేగంలో సైకిల్ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర దూరం వదలాలి. వేగం పెరిగితే దూరం ఇంకా పెంచాలి. ఎక్కువ హాని చేయగల బండి ఎవరిదో వాళ్ల మీదే ఎక్కువ బాధ్యత అని కూడా రాశారు. వెస్ట్ మిడ్‌ల్యాండ్స్ పోలీసులు 2016లో ఒక పని మొదలుపెట్టారు. కానిస్టేబులు మామూలు బట్టలేసుకుని సైకిల్ తొక్కుతాడు. ఎవరైనా రాసుకుంటూ పోతే ముందున్న పోలీసులకి చెబుతాడు, వాళ్లు కారు ఆపి, నేల మీద ఒక పెద్ద చాప పరిచి, దాని మీద సైకిలుకీ కారుకీ ఎంత దూరం ఉండాలో చూపిస్తారు. చాలామందిని అలా చెప్పి వదిలేస్తారు.

మీకు పనికొచ్చేది ఇంకొకటి. ఇక్కడ కారు కెమెరా వీడియోలు నేరుగా పోలీసులకి పంపే వెబ్‌సైట్లు ఉన్నాయి. పంపేటప్పుడు సంఘటనకి ముందూ వెనకా ఉన్న భాగం కూడా కలిపి పంపమంటారు. సోషల్ మీడియాలో పెట్టొద్దంటారు, పెట్టి ఉంటే తీసేయమంటారు. మీ 14 సెకన్లు వాళ్లకి పంపితే వెనక్కి కొట్టేవాళ్లు. అయినా ఇక్కడి జనం కూడా తిన్నగా లేరు లెండి. హెల్మెట్ కెమెరా పెట్టుకుని రోజూ డ్రైవర్లతో గొడవపడి వీడియోలు పెట్టుకునే సైకిలోళ్లు బోలెడుమంది. నేనూ ఒకసారి ఒక వ్యాన్ నంబరు పెట్టి, కంపెనీ పేరు రాసి, వాళ్ల పేజీ కింద జనం చేత తిట్టించాను. తర్వాత చూసుకుంటే నంబరులో ఒక అక్షరం తప్పు. అది వేరే వ్యాను. ఆ డ్రైవరుకి ఏమైందో నేను ఈ రోజుకీ కనుక్కోలేదు. మీరు కనీసం కనుక్కున్నారు.

—

జవాబు: ఐసు పెట్టె

మా నాన్న పాతికేళ్లు కొత్తపట్నం నుంచి ఒంగోలుకి సైకిల్ మీద చేపలు తెచ్చాడు. వెనక ఐసు పెట్టె, రెండు పక్కలా బుట్టలు. నేను చిన్నప్పుడు సెలవుల్లో ముందు రాడ్డు మీద కూర్చుని వచ్చేదాన్ని. వెనక హారన్ వినపడగానే నాన్న దిగి పక్కన నిలబడేవాడు. బస్సు పోయాక ఎక్కేవాడు, మళ్లీ హారన్, మళ్లీ దిగేవాడు. ఆ బరువుతో దిగిన సైకిల్ మళ్లీ ఎక్కాలంటే నాలుగడుగులు పరిగెత్తాలి. ఎందుకు దిగుతావు నాన్నా, వాళ్లే పక్కనుంచి పోతారు కదా అంటే, "వాళ్లకి తొందరమ్మా" అనేవాడు. చేపలు కరిగిపోయే ఐసులో ఉన్నాయి, తొందర ఎవరికి ఉండాలి?

సరే, మీ ప్రశ్నకి వస్తా. తప్పకుండా వెళ్లండి. మధ్యాహ్నం వెళ్లొద్దు. రాత్రి డ్యూటీ చేసినవాళ్లకి పని పోయినా పగటి నిద్ర అలవాటు వెంటనే పోదు. సాయంత్రం వెళ్లండి. మీ మేస్త్రిని తీసుకెళ్లండి, తెలిసిన ముఖం ఒకటి ఉంటే గుమ్మం దగ్గర గొడవ తగ్గుతుంది. ఆయన భార్య తిడుతుంది. తిట్టనివ్వండి, మధ్యలో "అమ్మా, నేను చెప్పేది వినండి" అనొద్దు. ఫోను జేబులోనే ఉంచండి. బియ్యం బస్తా ఇచ్చి ఫోటో దిగి "పెద్దాయనకి అండగా నిలిచాం" అని పెట్టే రకం మీరు కాదనే అనుకుంటున్నా. అయినా చెప్పి పెడుతున్నా. డబ్బు కవరు మొదట తీయొద్దు. పని పోయింది మీ వల్ల, కాబట్టి పని గురించి మాట్లాడండి.

ఇంకొకటి. "గుద్దేయాల్సింది" అన్నవాడికి మీరు నవ్వు బొమ్మ కొట్టానన్నారు. అది కూడా ఆయన ఇంట్లో ఎవరో చదివే ఉంటారు. ఇళ్లల్లో పిల్లలు కింద కామెంట్లు చదివి పెద్దవాళ్లకి చెబుతారు.

—

జవాబు: రాయల్ రైడర్

అక్కా, రాంగ్ సైడులో వచ్చినాయన సంగతి నేను వెనక్కి తీసుకోను. కానీ మీ నాన్నగారి మాట చదివాక ఇంకేం రాయాలో తోచలేదు. ఆ మార్జిన్ సంగతి రోడ్లు భవనాల శాఖకి అర్జీ పెడితే నేనూ సంతకం పెడతా. వర్షానికి గ్రావెల్ పోయిన చోట నా బండి కూడా రెండుసార్లు జారింది.

—

జవాబు: ఒంగోలు లెక్కలు

అందరికీ దణ్ణాలు. వారం అయింది, జరిగింది చెబుతాను.

కార్డులో అసలు వీడియో ఉంది, తీసి పెట్టాను. నల్లకోటు గారు చెప్పినట్టు నాలుగు వాక్యాల కాగితం రాశాను. ఆరుసార్లు రాయాల్సి వచ్చింది, ప్రతిసారీ ఎక్కడో ఒక "కానీ" వచ్చి చేరుతోంది. ఆ యూనిట్‌కి పోయి ఓనరుని కలిశాను. మర్యాదగానే మాట్లాడాడు. కాగితం చదివి, వీడియో మొదటి నిమిషం చూసి, "సరేనండీ, తాగలేదు. కానీ ఆ స్థానంలో ఇంకొకరిని పెట్టేశాం, ఆయన్ని ఎట్టా తీసేది?" అన్నాడు. పైగా టార్చిలైటు సంగతి కూడా ఉందన్నాడు. యూనిట్ టార్చిలైటు పోగొట్టుకుని, ఎక్కడో పడిపోయిందని చెప్పాడట. అమ్ముకున్నాడని మేనేజరు అనుమానం. ఆఖరి జీతంలో మూడొందల యాభై పట్టుకున్నారు. నాకు అప్పటికి వెలగలేదు.

ఆదివారం సాయంత్రం మేస్త్రితో కలిసి వాళ్ల ఇంటికి పోయాను. రెండు గదుల రేకుల ఇల్లు, గోడకి ఆ సైకిల్ ఆనించి ఉంది. ఆమె తిట్టింది. ఐసు పెట్టె గారు చెప్పినట్టే నోరు మూసుకుని నిలబడ్డాను. "మావోడికి మందు వాసనే పడదయ్యా, పెళ్లిళ్లలో కూడా దూరంగా పోయి కూర్చుంటాడు. మనవడు రెండు రోజులు బడికి పోలేదు, తాగుబోతు మనవడంటన్నారని. నువ్వు చూశావా తాగింది?" అంది. చూడలేదమ్మా అన్నాను. అంతకన్నా ఏం చెప్పను?

పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను మాట్లాడుతుంటే తల తిప్పి ఎడమ చెవి నా వైపు పెట్టాడు. లేచి అటు పక్కకి పోయి కూర్చున్నాను. క్షమాపణ చెప్పాను. ఆయన విని, "ఆ వీడియో నేను చూళ్ళేదు సార్, నాకా ఫోను లేదు. ఒకసారి చూపిస్తావా?" అన్నాడు. ఫోను జేబులోనే ఉంచమన్నారు కదా అని తటపటాయించాను. ఆయన చెయ్యి చాపాడు. కత్తిరించింది కాదు, మొత్తం పెట్టి ఇచ్చాను. సౌండు మాత్రం తగ్గించాను, నా బూతులు ఉన్నాయి కదా.

టిప్పరు రాగానే "ఇదిగో వీడే" అన్నాడు. చక్రం అంచు మీద ఊగినప్పుడు ఆయన కాలు మంచం కింద నేలని తన్నింది. తర్వాత ఉన్నట్టుండి, "ఆపు, ఎనక్కి పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇంకోసారి అన్నాడు. సంచిలోంచి ఆ నల్లటిది జారే చోట వేలు పెట్టి, "టార్చి. ఆడ పడిందా" అన్నాడు. భార్యని పిలిచి చూపించాడు, మనవణ్ణి పిలిచి చూపించాడు. సలాం పెట్టిన భాగం వచ్చింది, దాన్ని అసలు చూడనే లేదు. నేనేమో పది రోజులుగా ఆ సలామే తలుచుకుంటున్నాను.

"ఇప్పుడే పోదాం, చీకటి పడకముందే" అన్నాడు. కారెక్కమన్నాను. వద్దన్నాడు, మనవణ్ణి మాత్రం నా కారులో ఎక్కించి, తను సైకిల్ తీశాడు. నేను వెనకాల లైట్లు మిణుకుమిణుకుమనేలా పెట్టి ఆయన వేగంలోనే నడిపాను. ఏడేళ్లలో ఆ రోడ్డు మీద నేను అంత నెమ్మదిగా ఎప్పుడూ పోలేదు. వెనక నుంచి ఒకటే హారన్లు. ఒక ఇన్నోవా అతను పెద్దాయన పక్కకి వచ్చి, కిటికీ దించి ఏదో అన్నాడు, తిట్టే అయి ఉంటుంది. అతని అద్దం వెనక కూడా కెమెరా ఉంది, చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది.

చోటు వెతకడానికి వీడియోలో కనిపించిన కిలోమీటరు రాయి పనికొచ్చింది. మనవడు తుమ్మ కంప కింద చూశాడు. దుమ్ము కొట్టుకుపోయి ఉంది, అద్దం పగిలింది. పెద్దాయన మూత తిప్పి బ్యాటరీలు బయటికి తీశాడు. ఒకటి కారి పచ్చగా తుప్పు పట్టింది. తువ్వాలుతో లోపల తుడిచి, స్విచ్చి రెండుసార్లు నొక్కి చూసి, సంచిలో వేసుకున్నాడు.

"రేపు పొద్దున మేనేజరుకి చూపిస్తా" అన్నాడు. నేను కూడా వస్తానన్నాను. ఎనిమిదికి గేటు దగ్గర ఉండమన్నాడు.